పెరటి కోళ్లు: చీరాల ప్రాంతం

ఇంటి వెనక దొడ్లో పగలంతా స్వేచ్ఛగా తిరిగి మేసి, చీకటి పడేవేళకు తమంతట తామే గూటికి చేరేలా పెంచుకునే కొద్దిపాటి కోళ్లను పెరటి కోళ్లంటారు. బాపట్ల జిల్లా చీరాల పట్టణంలోనూ, చుట్టుపక్కల పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం, సముద్రపు ఒడ్డున వాడరేవు లాంటి ఊళ్లలోనూ ఇలాంటి కోళ్లు కనిపిస్తాయి. ఒక్కో ఇంట్లో సాధారణంగా ఒక పుంజు, నాలుగైదు పెట్టలు, వాటి పిల్లలు ఉంటాయి. ఇక్కడి నేల ఇసుకపర్ర. లోపలి గ్రామాల్లో మిరప, పత్తి, వేరుశనగ, పొగాకు పండుతాయి. పట్టణంలో మగ్గాలున్నాయి, కూతవేటు దూరంలో సముద్రముంది. ఇక్కడి కోడి తిండి మీదా, తిరుగుడు మీదా, దానికి వచ్చే చిక్కుల మీదా వీటన్నిటి ముద్ర ఉంటుంది.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతులు వంటి పెంపుడు పక్షులు 85.18 కోట్లు. అందులో సుమారు 31.7 కోట్లు పెరటివి. అంతకు ముందరి గణనతో పోలిస్తే పెరటి పక్షులు దాదాపు 46 శాతం పెరిగాయి. 10.79 కోట్ల పక్షులతో ఆంధ్రప్రదేశ్ తమిళనాడు తర్వాత రెండో స్థానంలో నిలిచింది. ఫారాల గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ వ్యాసం పెరటి కోడి నడవడికకే ఎక్కువ చోటిస్తుంది. మనం అల్లరి అనుకునే పనుల్లో చాలా భాగం అడవిలో బతికి బట్టకట్టడానికి దాని పూర్వీకులకు అక్కరకొచ్చిన తెలివితేటలే. ఆ సంగతి తెలిసినవారి చేతిలో కోడి సుఖంగా ఉంటుంది, పెరడూ పాడవదు.

పుట్టుక, రకాలు

ఇంటి కోడికి మూలం ఎర్ర అడవికోడి. ఆగ్నేయాసియాలో వరి, చిరుధాన్యాలు పండించడం మొదలయ్యాక ఆ గింజల కోసం ఊళ్ల చుట్టూ చేరిన అడవికోళ్లు క్రమంగా మచ్చికయ్యాయని 2022లో వెలువడిన పరిశోధనలు చెబుతున్నాయి. థాయ్‌లాండ్‌లోని బాన్ నోన్ వాట్ తవ్వకాల్లో దొరికిన ఎముకలు సుమారు క్రీ.పూ. 1650–1250 నాటివి. కాళ్లకూ చర్మానికీ పసుపు రంగునిచ్చే జన్యువు మాత్రం మన దక్షిణాదిలో ఉండే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. ఆ అడవికోడి చీరాలకు పడమట నల్లమల అడవుల్లో ఇప్పటికీ తిరుగుతోంది.

ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఏ ఒక్క జాతికీ చెందని నాటుకోడి. ఏడాదికి 50 నుంచి 80 గుడ్లు పెడుతుంది, తానే పొదుగుతుంది, గద్దను చూసి పారిపోవడం తెలుసు. ఫారం కోడి 300 పైగా గుడ్లు పెట్టినా, పొదగాలన్న కోరిక దానిలో దాదాపు లేకుండా పోయింది. ఈ రెంటికీ మధ్యస్థంగా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది. వనరాజ మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకు. బరువైన వనరాజ పుంజు కుక్కను తప్పించుకుని గోడెక్కడంలో నాటు పుంజుకు సాటిరాదు. ప్రహరీ లేని ఇంటివారు ఈ తేడాను గమనించి ఎంచుకోవాలి.

పందేల కోసం పెంచే అసిల్ జాతి పుంజులను రంగును బట్టి పిలుస్తారు. నల్లది కాకి, తెల్లది సేతువ, ఎర్రది డేగ, నలుపు ఎరుపు పసుపు కలిసినది కౌజు, రెక్కల మీదో వీపు మీదో పసుపు ఈకలున్నది నెమలి. పల్నాటి యుద్ధానికి దారితీసిన కోడిపందెం కథ ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. క్రీడాభిరామంలోనూ కోడిపందెం వర్ణన ఉంది. పుంజు కాలికి కత్తి కట్టి పందెం వేయడం నేడు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారమూ, 1974 నాటి రాష్ట్ర జూద నిరోధక చట్టం ప్రకారమూ నేరం. చేతిలో మేత తిని ఒళ్లో నిద్రపోయే పక్షిని కత్తికి అప్పగించడాన్ని సరదా అనడం ఈ వ్యాసకర్తకు సమ్మతం కాదు.

తెల్లవారుజామున

నా కోడీ నా కుంపటీ లేకపోతే తెల్లవారదనుకున్న ముసలమ్మ సామెత మనకుంది. కోడికి మాత్రం తెల్లవారబోతున్నదని నిజంగానే ముందే తెలుసు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వారు 2013లో పుంజులను ఎప్పుడూ ఒకే మసక వెలుతురులో ఉంచి చూశారు. బయటి వెలుగు ఏమీ చెప్పకపోయినా అవి సుమారు రోజుకొకసారి వేళకు కూశాయి. మామూలు వెలుగు చీకట్లలో ఉన్నవి దీపం వెలగడానికి దాదాపు రెండు గంటల ముందే మొదలుపెట్టాయి. ఆ గడియారం వాటి ఒంట్లోనే ఉంది. 2015లో అదే బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. మందలో పెద్దరికం ఉన్న పుంజే ముందు కూస్తుంది, మిగతావి వరుస తప్పకుండా దాని వెనక అందుకుంటాయి. రెండు పుంజులున్న ఇంట్లో చిన్నది ఎప్పుడైనా పెద్దదానికన్నా ముందు కూసిందంటే దొడ్లో అధికారం చేతులు మారుతున్నట్టే. అంత గొంతు చించుకున్నా పుంజుకు చెవుడు రాకపోవడానికీ కారణముంది. నోరు బార్లా తెరిచినప్పుడు దాని చెవి రంధ్రం దానంతటదే మూసుకుపోతుంది.

గంప ఎత్తగానే ముందు వచ్చేది పుంజు. రెక్క ఒకటి కిందికి దించి, పెట్ట చుట్టూ పక్కవాటుగా అరచుట్టు తిరుగుతుంది. గింజ దొరికితే తాను మింగకుండా ముక్కుతో ఎత్తి, కింద వేసి, మళ్లీ ఎత్తి కొక్‌ కొక్‌ మని పెట్టలను పిలుస్తుంది. పెట్టలు చూస్తున్నప్పుడు ఈ మర్యాద ఎక్కువ, చుట్టూ ఎవరూ లేకపోతే తక్కువ. గద్ద నీడ పడ్డప్పుడు పుంజు సన్నగా సాగదీసి ఒక కూత పెడుతుంది. కుక్కో పిల్లో నేలమీద వస్తే కటకటమని ఆపకుండా అరుస్తుంది. మొదటి కూత వింటే పిల్లలు నేలకు కరుచుకుపోతాయి, రెండోది వింటే మెడలు నిక్కించి చూస్తాయి. పీటర్ మార్లర్, క్రిస్టఫర్ ఎవాన్స్ వంటివారు 1980ల నుంచి ఈ కూతలను పరిశీలించి, పక్కన వినేవారు ఉన్నారా లేదా అన్నది కూడా పుంజు లెక్కలోకి తీసుకుంటుందని చూపారు. చేపల పడవలు ఒడ్డుకు చేరే వాడరేవు వైపు గద్దల తాకిడి ఎక్కువ. ఆ ఊళ్లలో పెరటికి ఒక చెట్టు నీడైనా లేకుండా పిల్లల కోడిని వదలకూడదు.

ఆకాశంలో ఏదో కదిలితే కోడి తల పక్కకు వాల్చి ఒంటికంటితో చూడడం అందరూ గమనించే ఉంటారు. దాని కళ్లు తలకు అటొకటి ఇటొకటి ఉంటాయి. గింజను రాతి నుంచి వేరుచేయడానికి కుడికన్ను, ప్రమాదాన్ని కనిపెట్టడానికి ఎడమకన్ను ఎక్కువగా పనిచేస్తాయి. అందుకే మేస్తూ మేస్తూనే అది కాపలా కాయగలదు.

గెలుకుడు, మట్టిస్నానం

పెరట్లో పూలమొక్కలు వేసుకున్నవారికి కోడి మీద ఉండే మొదటి ఫిర్యాదు గెలుకుడు. రెండు అడుగులు ముందుకు వేసి, కాళ్లతో వెనక్కి తన్ని, ఒక్క అడుగు వెనక్కి జరిగి కిందికి చూస్తుంది. పళ్లెంలో నిండుగా నూకలు పోసినా దాన్లోకి దిగి గెలికి సగం బయటికి చిమ్ముతుంది. తిండి కావాలనే కాదు, వెతుక్కోవడం కూడా దానికి కావాలి. గింజలను పళ్లెంలో పెట్టే బదులు ఎండుటాకుల మీద చల్లితే గంటసేపు అక్కడే ఉంటుంది, బంతి మొక్కల జోలికి పోదు. కొత్తగా నాటిన మొక్క చుట్టూ నాలుగు రాళ్లు పేర్చినా చాలు.

రెండోది మట్టిస్నానం. మిట్టమధ్యాహ్నం కోడి ఒక గుంట తవ్వుకుని, ఒరిగి పడుకుని, రెక్కలతో దుమ్ము ఈకల్లోకి ఎగదోసుకుంటుంది. కళ్లు సగం మూసుకుని కాలు సాచి పడున్నప్పుడు కొత్తవారు చచ్చిపోయిందనుకుని కంగారు పడతారు. ఆ దుమ్ము ఈకల్లో పేరుకున్న పాత నూనెను పీల్చేస్తుంది, పేలను వదిలిస్తుంది. అడ్డు లేకపోతే రెండు రోజులకొకసారి దాదాపు అరగంట ఇలా స్నానం చేస్తుంది. తీగెల పంజరంలో, దుమ్మే ఎరగకుండా పెరిగిన ఫారం కోడి కూడా ఉత్త తీగెల మీద పడుకుని ఇదే పని చేస్తుంది. ఆ దృశ్యం చూసినవారికి పంజరాల గురించి వేరే వాదన అక్కర్లేదు. చీరాల ఇసుకనేల ఈ విషయంలో కోళ్లకు వరం. పొయ్యి బూడిద, ఎండబెట్టి నలిపిన వేపాకు ఆ గుంటలో కలిపితే పేలు ఇంకా తగ్గుతాయి.

పొగాకుతో పేలను పోగొట్టవచ్చన్న ఆలోచన చాలా చోట్ల ఉంది. 20వ శతాబ్దం తొలి సగంలో అమెరికాలో కోళ్లు కూర్చునే కర్రలకు నికోటిన్ సల్ఫేటు పూసేవారు. పొగాకుకు పేరుపడ్డ ఈ ప్రాంతంలో కాడలకు కొదవ లేదు గాని, నికోటిన్ కోడికీ మనిషికీ విషమే. బూడిద ఉండగా దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

మిరప, పత్తి, వేరుశనగ, మగ్గం

ఎండాకాలం మొదట్లో కల్లాల్లోనూ డాబాల మీదా మిరపకాయలు ఎండబోసినప్పుడు కోళ్లు వచ్చి కాయలు చీల్చి గింజలు తినడం గుంటూరు సీమ పెరళ్లలో మామూలే. మనకు కన్నీళ్లు తెప్పించే కారం వాటికి పట్టదు. కారానికి మూలమైన కాప్సైసిన్‌ను మనలో పసిగట్టే గ్రాహకం కోడి నరాల్లోనూ ఉంది. వేడిని అది గుర్తిస్తుంది కూడా. కాని కాప్సైసిన్ వచ్చి తాకితే స్పందించదు. స్వెన్ ఎరిక్ యోర్ట్, డేవిడ్ జూలియస్ 2002లో కోడి గ్రాహకాన్ని వేరుచేసి ఈ రహస్యం బయటపెట్టారు. క్షీరదాల్లో ఆ గ్రాహకాన్ని కనుగొన్నందుకే జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. అడవి మిరప తన గింజలు నమిలేసే ఎలుకలను కారంతో దూరం పెట్టి, గింజలను చెదరకుండా మోసుకుపోయే చిన్న పక్షులను దగ్గరకు రానిస్తుంది. కోడి ఆ ఉపకారం చేయలేదు. దాని కందనకాయ రాళ్లతో గింజలను నూరి పారేస్తుంది. అయితే పండుమిరప తొక్క తిన్న పెట్ట గుడ్డులో సొన ఎర్రబారుతుంది. మిరప నుంచి తీసిన రంగును ఇందుకోసమే దాణాలో కలిపే పద్ధతి చాలా దేశాల్లో ఉంది.

పత్తి సంగతి వేరు. పత్తిగింజల చెక్క పశువులకు బలమైన మేత గనుక ఇంట్లో ఉంటుంది, కోళ్లు దాన్ని పొడుస్తాయి. అందులోని గాసిపాల్ అనే పదార్థం వల్ల గుడ్డు నిలవ ఉన్నకొద్దీ సొన ఆకుపచ్చగానో గోధుమరంగుగానో మారుతుంది. ఆ గింజల నూనెలోని కొన్ని కొవ్వు ఆమ్లాలు తెల్లసొనను గులాబీ రంగులోకి తిప్పుతాయి. గుడ్డు పగలగొట్టి ఆ రంగు చూసి చేతబడి అని భయపడనక్కర్లేదు. చెక్క బస్తా మూతి కట్టిపెడితే సరి.

బూజు పట్టిన వేరుశనగ చెక్క ఇంతకన్నా ప్రమాదం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోయాయి. ఎందుకని వెతికితే బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ పిండిలో బూజు చేసిన విషం దొరికింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. వానకు తడిసిన కాయలు మనం తినలేమని కోళ్లకు వేయడం మంచి పని కాదు. కోడి లివరు మన లివరుకన్నా గట్టిదేమీ కాదు.

మగ్గాలున్న ఇళ్లలో మరో చిక్కు. కండెలు చుట్టే చోట రాలిన నూలుపోగులు కోడి వేళ్లకు చుట్టుకుంటాయి. అది నడిచినకొద్దీ ముడి బిగుస్తుంది, నెత్తురు ఆగి వేలు నల్లబడి రాలిపోతుంది. కుంటుతున్న కోడిని పట్టుకుని ముందు వేళ్ల సందులు చూడాలి, సన్న కత్తెరతో పోగు కోసేయాలి. పడుగు సాగదీసి గంజి పెట్టేటప్పుడు కోళ్లను గంప కింద మూయక తప్పదు. గంజి మెతుకు రుచి వాటికి బాగా తెలుసు.

సముద్రం దగ్గర గనుక ఎండుచేపల తలలు, పొట్టు కోళ్లకు దండిగా దొరుకుతాయి. మితంగా అయితే మంచి బలం, మితిమీరితే గుడ్డు నీచువాసన వేస్తుంది. ఆల్చిప్పలను దంచి వేస్తే గుడ్డు పెంకు గట్టిపడుతుంది.

గుడ్డు, పొదుగు

ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందువల్ల పెట్ట ఈరోజు పొద్దున పెడితే రేపు కాస్త ఆలస్యంగా పెడుతుంది. అలా జరుగుతూ జరుగుతూ సాయంత్రానికి చేరాక ఒకరోజు మానేస్తుంది. గుడ్డు పెట్టి లేచాక చేసే గోల, మందకు దూరమైన పెట్ట తానెక్కడున్నదీ తెలిపే కేక అని ఒక అభిప్రాయం. పుంజు దానికి బదులిస్తుంది.

బాగా అలవాటైన పెట్ట కూడా ఒక్కోసారి గంపలో గుడ్డు పెట్టడం మానేసి గడ్డివామిలోనో, అటక మీదో, పక్కింటి కట్టెల సందులోనో చాటుగా పెడుతుంది. వీధిలో తగువులకు ఇదొక పాత కారణం. రోజూ గుడ్లన్నీ తీసేయకుండా ఒకటి గూటిలో వదిలితే అది చోటు మార్చదు.

పొదగాలన్న బుద్ధి పుట్టిన పెట్ట వేరే మనిషైపోతుంది. చేయి పెడితే ఈకలు విప్పుకుని బుస్సుమంటుంది, పొడుస్తుంది. రోజుకొకసారి లేచి గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మెదడు కింది గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ దీనికి కారణం. పిల్లలు వద్దనుకున్నవారు పొదుగు మాన్పడానికి దాన్ని నీళ్లలో ముంచడమో, ముక్కులో ఈక గుచ్చడమో చేస్తారు. ముక్కులో ఈక గుచ్చడం ఒట్టి హింస. కింద గాలి ఆడే జల్లిలాంటి గంపలో, గడ్డి లేకుండా రెండు మూడు రోజులుంచితే పొట్ట చల్లబడి అదే మానుకుంటుంది.

పొదగేసేవారు చాలా ఇళ్లలో బేసి సంఖ్యలోనే గుడ్లు పెడతారు. ఉరుములకు గుడ్లు చెడకుండా గంపలో ఇనుప మేకు, బొగ్గు, ఎండుమిరపకాయ ఉంచే ఇళ్లూ ఉన్నాయి. గుడ్లు వేర్వేరు రోజుల్లో పెట్టినవైనా, పెట్ట కూర్చున్న నాటి నుంచే అవి ఎదగడం మొదలవుతుంది గనుక పిల్లలన్నీ 21వ రోజు అటూ ఇటూగా ఒకేసారి బయటపడతాయి. పగలడానికి ఒకరోజు ముందు నుంచే పెంకులోపల పిల్ల కిచకిచమంటుంది, తల్లి దానికి లోగొంతుతో బదులిస్తుంది. పొట్టలోకి పీల్చుకున్న సొన రెండు రోజులకు సరిపోతుంది గనుక చివరి గుడ్డు పగిలేదాకా మొదటి పిల్లలు ఆకలి లేకుండా ఆగగలవు.

పుట్టగానే కదిలే దేన్నైనా తల్లి అనుకుని వెంటబడడం కోడిపిల్లల నైజం. డగ్లస్ స్పాల్డింగ్ 1873లోనే దీన్ని పరీక్షించి రాశాడు. 2009లో ఇటలీ పరిశోధకులు మూడు నాలుగు రోజుల పిల్లల ముందు బొమ్మలను తెరల చాటుకు ఒక్కొక్కటిగా జరిపి చూస్తే, ఎక్కువ బొమ్మలున్న తెర వైపే అవి వెళ్లాయి. అంత పసిగుడ్డుకు కూడికలూ తీసివేతలూ వస్తాయంటే ఆశ్చర్యమే. కోడి కింద బాతుగుడ్లు పొదిగిస్తే 28 రోజులు పడుతుంది. ఆ పిల్లలు కాలవ కనబడగానే నీళ్లలోకి దిగిపోతాయి. గట్టు మీద తల్లి అటూ ఇటూ పరుగెడుతూ పడే ఆరాటం చూడలేం. చేతనైతే ఆ పని చేయకపోవడమే మంచిది.

పెద్దరికాలు, మచ్చిక

పెట్టల్లో ఎవరు ఎవరిని పొడవవచ్చన్న వరుస ఒకటుంటుంది. నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డరప్-ఎబ్బె చిన్నతనం నుంచే కోళ్లను గమనిస్తూ వచ్చి 1922లో ఈ సంగతి ప్రచురించాడు. వరుస కుదిరాక పోట్లాటలు చాలావరకు తగ్గిపోతాయి. కొత్తకోడిని తెచ్చి పగలు మధ్యలో వదిలితే రక్తం కారేలా పొడుస్తాయి. రెండు మూడు రోజులు పక్కనే గంప కింద ఉంచి, ఒకరినొకరు చూసుకోనిచ్చి, రాత్రిపూట గూటిలో కలపాలి. ఆ రెండు మూడు రోజుల్లోనే అది ఇల్లు గుర్తుపెట్టుకుంటుంది కూడా. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి రాత్రి అది గొడవపడదు. మునగచెట్టు ఎక్కి కూర్చునే మొండి కోడిని పట్టుకోవడానికీ అదే అదను.

పెట్ట ఎప్పుడైనా పుంజులా కూస్తే ఇంటికి అరిష్టమని కొందరు దాన్ని కోసేస్తారు. పెట్టకు పనిచేసే అండాశయం ఒక్కటే, ఎడమవైపుది. అది జబ్బుపడితే మగ లక్షణాలు బయటపడతాయి. అందులో అరిష్టమేమీ లేదు, జబ్బే ఉంది.

పిల్లలు కోడిని పడుకోబెట్టి కదలకుండా చేసే ఆటకు 1646లో కిర్చర్ అనే జెసూట్ పండితుడు రాసిన గ్రంథంలోనే ప్రస్తావన ఉంది. కోడిని వెల్లకిలానో పక్కకో అదిమి, ముక్కు ముందు గీత గీస్తే బిగుసుకుపోతుంది. అది నిద్ర కాదు, మైమరపూ కాదు. శత్రువు నోట చిక్కినప్పుడు చచ్చినట్టు పడుండే భయం. సరదాకు మాటిమాటికీ చేయకూడదు. మచ్చిక కావాలంటే రోజూ ఒకే వేళకు, ఒకే పిలుపుతో, చేతిలో గింజలు పట్టుకుని కింద కూర్చుంటే చాలు.

వీధుల్లో సైకిళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ రంగులు పూసిన కోడిపిల్లలను అమ్ముతుంటారు. ఇవి ఎక్కువగా గుడ్ల జాతుల మగపిల్లలు, హేచరీలకు అక్కర్లేనివి. మొదటి వారం వాటికి 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి లేదు, బల్బు లేదు, రంగునీళ్లలో ముంచిన తడి వేరే. పిల్లవాడి చేతిలో రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పిల్లలకు కోడి కొనిపెట్టాలనుకునేవారు ఈ పిల్లలను కొనకండి. పిల్లల కోడినే తెచ్చుకోండి.

ఎండ, వాన, జబ్బు

కోడికి చెమట పట్టదు. రోహిణి ఎండల్లో నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుంటుంది. మెడ మీద ఈకలు లేని రకం కోళ్లు ఎండకు బాగా ఓర్చుకుంటాయి. నీడలో మట్టి మూకుడులో పూటపూటా నీళ్లు మార్చాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపానులు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి తడి రోజుల్లో పిల్లలకు రక్తపారుడు వస్తుంది. గూడు నేలకు ఎత్తుగా, పొడిగా ఉంటే సగం జబ్బులు రావు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఉన్నట్టుండి ఎక్కువ కోళ్లు చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోకూడదు, కోసి తినకూడదు, పశువైద్యులకు చెప్పాలి. సంచార పశువైద్య వాహనానికి ఫోన్ నంబరు 1962.

అన్నిటికన్నా ఎక్కువగా పెరళ్లను ఖాళీ చేసేది కొక్కెర తెగులు. మెడ వంకరపోయి, పచ్చగా పారి, వారంలో గంప మొత్తం ఊడ్చుకుపోతుంది. వచ్చాక మందు లేదు, ముందే టీకా ఉంది. పిల్లకు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో ఒకటి, 28వ రోజు మళ్లీ ఒకటి, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్2బి సూది. చిక్కల్లా ఒకటే. టీకా సీసా వంద మోతాదులో ఇంకా ఎక్కువో ఉంటుంది, కలిపాక చల్లగా ఉంచి రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లున్న ఒక్క ఇంటికోసం దాన్ని తెరవడం కుదరదు. అందుకని వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకరోజు అనుకుని, పొద్దున్నే గంపలు ఎత్తకముందు టీకా వేయించుకోండి.